ఋతువులు - మన కరెంటు బిల్లు

(సంఘ కుటుంబ సమ్మేళనమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై సాధారణముగా సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో పెద్దలు ప్రసంగింతురు. నన్ను మాటాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నాకు తెలిసినది మీటరు, బిల్లు మాత్రమే యని విన్నవించుకొంటిని. "అదే చెప్పండి, మా యింట్లో రోజూ ఆ సంగతి మీదే సభ జరుగుతోంది" అని వారు నవ్విరి. కావున ఈ సాయంకాలము కవిత్వమునకు సెలవు.

మన యిండ్లలో బిల్లు పెరిగిన నెలలో మొట్టమొదట జరుగు పని దీపము లార్పుట. తండ్రి గది గదికి తిరిగి స్విచ్చులు నొక్కుచు, పిల్లలను మందలించును. ఒక వారము గడచునప్పటికి ఆ దీక్ష సడలిపోవును. మరుసటి నెల బిల్లు మరల అంతయే వచ్చును. ఇట్లేల జరుగునో తెలిసికొనుటకు నాకు చాలకాలము పట్టినది. తెలిసిన విధము సుఖమైనది కాదు. ముందుగా ఆ సంగతి చెప్పి, పిదప లెక్కలలోనికి వత్తును.

మేము అప్పుడు రామకృష్ణపురములో పై అంతస్తు క్వార్టరులో నుంటిమి. నాన్నగారు పోయిన మరుసటి సంవత్సరము మా అమ్మను కోనసీమనుండి తీసికొని వచ్చితిని. ఆమెకు అది ఢిల్లీలో మొదటి వేసవి. ఆ నెల బిల్లు 470 యూనిట్లకు వచ్చినది. భోజనముల వేళ నేను దానిని బిగ్గరగా చదివి, "ఈ యింట్లో ఎవరికీ బాధ్యత లేదు" అని విసుగుకొని, ఆ కాగితమును ఫ్రిజ్జు తలుపునకు అంటించితిని. అమ్మ యేమియు అనలేదు. మరునాడు మేము ఆఫీసునకు, పిల్లలు బడికి పోయిన తరువాత, ఆమె పగటివేళ కూలరు కట్టివేసి, పడమటి కిటికీలు తెరచుకొని కూర్చున్నదట. కోనసీమలో మధ్యాహ్నము కిటికీ తెరచిన సముద్రపు గాలి వచ్చును. ఢిల్లీలో జ్యేష్ఠమాసమున కిటికీ తెరచిన వచ్చునది వడగాలి. మూడు దినము లట్లే గడచినవి. నాలుగవనాడు నేను ఇల్లు చేరునప్పటికి ఆమె ఒడలు కాలిపోవుచున్నది. చెమట లేదు. మాట తడబడుచున్నది. వడదెబ్బ యని వైద్యులు చెప్పిరి. నాలుగు దినములు ఆసుపత్రిలో నుంచవలసి వచ్చినది.

కోలుకొన్న పిదప అడిగితిని. "నా ఒక్కదాని కోసం అంత పెద్ద మిషను తిరగడం ఎందుకు నాయనా! కిటికీ తీస్తే గాలి రాదూ అనుకున్నాను" అన్నది.

ఆ ఆసుపత్రి వరండాలో కూర్చుండి నేను కట్టిన లెక్క యిది. మా కూలరు మీది పట్టికలో 190 వాట్లు అని వ్రాసియున్నది. వేయి వాట్ల వస్తువు ఒక గంట పనిచేసిన ఒక యూనిట్టు. కావున కూలరు పగలు పండ్రెండు మొదలు అయిదు వరకు తిరిగినచో కర్చు ఇంచుమించు ఒక్క యూనిట్టు. ఒక్క యూనిట్టు వెల అయిదారు రూపాయలు. అంత మాత్రము మిగుల్చుటకై ఆమె ఆ మూడు మధ్యాహ్నములు ఆ వేడిలో కూర్చున్నది. ఆ రాత్రులయందే నేను నా పడకగదిలో ఏ.సి.ని 18 డిగ్రీలకు పెట్టి, దుప్పటి ముసుగు తన్ని నిద్రించుచుంటిని. పాత ఒకటిన్నర టన్నుల యంత్రపు కంప్రెసరు గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్టు తినును. అనగా నా ఒక గంట, ఆమె యెనిమిది గంటలతో సమానము.

సోదరులారా, మన బిల్లులో ఎవరి భాగ మెంత యనునది తెలియనిచో, ఇంటిలో నోరు లేనివారే పొదుపు చేయుదురు. నాటినుండి నేను మీటరు చదువుట ప్రారంభించితిని.

అమ్మ దీపములార్పు అలవాటును నేను తప్పు పట్టను. ఆమె సంసారము చేసిన దినములలో ఇంటనున్నవి 60 వాట్ల బల్బులు నాలుగు, పంకా ఒకటి. గీజరు లేదు, ఏ.సి. లేదు. నాడు బిల్లనగా దీపముల బిల్లే. 2015 జనవరిలో ఉజాలా పథకము ప్రారంభమైన తరువాత ఎల్.ఇ.డి. దీపములు చౌకయై ఇంటింట చేరినవి. నేడు ఆ 60 వాట్ల పనిని 9 వాట్ల దీపము చేయుచున్నది. అది దినమునకు ఆరు గంటలు వెలిగినను నెలకు రెండు యూనిట్లు కాదు. ఇక స్నానపు నీటి సంగతి చూడుడు. చలికాలమున ట్యాంకు నీరు 15 డిగ్రీలున్న దనుకొందము. ఇరువది లీటర్ల బకెట్టును 40 డిగ్రీలకు తెచ్చుటకు 0.58 యూనిట్టు కావలెను. ఒక్క బకెట్టు వేడినీటికి పట్టు విద్యుత్తుతో ఆ దీపము 60 గంటలకు పైగా వెలుగును. దీపము కనుల కగపడును గనుక దానిమీద కోపము వచ్చును. గీజరు స్నానాల గదిలో పైన మౌనముగా కూర్చుండును.

వేడి చేయునవియు, చల్లబరచునవియు మాత్రమే బిల్లును పెంచగలవు. ఇవి ఋతువునుబట్టి మారును గనుక పొదుపు కూడ ఋతువునుబట్టి మారవలెను. పండ్రెండు నెలలకు ఒకే ఉపాయము పనికిరాదు.

మొదట వేసవి. చైత్రము మొదలు జూను నెలాఖరున వర్షములు వచ్చువరకు ఢిల్లీ గాలి మిక్కిలి పొడిగా నుండును. ఈ పొడిదనము మనకు శత్రువు వలె కనబడును గాని, నిజమునకు అదియే మన ధనము. నీరు ఆవిరియగునప్పుడు గాలిలోని వేడిని తీసికొనును. గాలి యెంత పొడిదైన అంత త్వరగా ఆవిరియగును, అంత చల్లబడును. మన పెద్దలు వాకిళ్ళకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లినది ఈ సూత్రముననే. 42 డిగ్రీల వడగాలి బాగుగా తడిసిన మెత్తలగుండ వచ్చి 30 డిగ్రీల దాపునకు దిగగలదు. హైదరాబాదు, కర్నూలు వారికి ఇది క్రొత్త కాదు. విశాఖపట్టణము, కాకినాడ వారు మాత్రము కూలరును నమ్మరు, ఏలయనగా అక్కడి తేమగాలిలో అది పనిచేయదు. తమ ఊరి అనుభవముతో ఢిల్లీలో దిగిన వెంటనే ఏ.సి. కొనువారిని చూచితిని. మే నెల యంతయు కూలరుతో గడుపవచ్చును.

అయితే కూలరును వాడు విధము తెలియవలెను. అది కిటికీ బయట నుండి, బయటి గాలిని లోనికి తేవలెను. గదిలోపల పెట్టి తలుపులు మూసినచో గదిలోని తేమగాలినే మరల మరల త్రిప్పి, అరగంటలో గదిని ఆవిరి గదిగా మార్చును. లోనికి వచ్చిన గాలి పోవుటకు ఎదుటి గోడన ఒక కిటికీ కొంచెము తెరచియుంచవలెను. మెత్తలు ఎండిపోయినవో లేదో రెండు పూటల చూడవలెను. దుమ్ము పట్టిన మెత్తలు ఏటేట మార్చవలెను. వారమున కొకసారి తొట్టి ఖాళీచేసి ఆరబెట్టుట బిల్లు కొఱకు కాదు, దోమల కొఱకు.

ఎండను ఆపు చోటును గూర్చి ఒక మాట. కిటికీ లోపల తెర వేయుటకంటె బయట వెదురు చిక్కు కట్టుట మేలు. తెరను తాకు ఎండ అప్పటికే అద్దము దాటి లోనికి వచ్చినది, దాని వేడి గదిలోనే యుండును. చిక్కు దానిని బయటనే ఆపును. ఉదయము తొమ్మిది గంటలకు కిటికీలు మూసి, కూలరుకు కావలసిన సందు మాత్రముంచి, ప్రొద్దు గ్రుంకిన తరువాత తెరువవలెను. మా అమ్మకు నేను మొదటి దినముననే చెప్పవలసిన మాట యిది. పై అంతస్తువారు అనుమతి పొంది కప్పుపై తెల్ల సున్నము వేయించిన, రాత్రి కప్పు దింపు వేడి తగ్గును.

పంకాల సంగతి. క్వార్టరులోని పాతరకపు పంకా 75 వాట్లు తినును. క్రొత్తగా వచ్చిన బి.ఎల్.డి.సి. పంకా ఆ గాలినే 30 వాట్లతో ఇచ్చును. దినమునకు 18 గంటలు తిరుగు పంకా ఒక్కదానిమీద నెలకు 24 యూనిట్లు మిగులును. వెల సుమారు 3,000 రూపాయలైనను, ఎనిమిది నెలలు తిరుగు ఢిల్లీ యింట మూడు నాలుగేండ్లలో ఆ సొమ్ము తిరిగి వచ్చును. ప్రభుత్వపు పంకాను విప్పుటకు ముందు ఎంక్వైరీ ఆఫీసులో చెప్పి, దానిని భద్రపరచి, బదిలీనాడు దాని స్థానమున దానిని నిలిపి, మన పంకాను మూటగట్టుకొని పోవచ్చును. 2023 జనవరినుండి పంకాలకు కూడ నక్షత్రముల చీటీ తప్పనిసరియైనది గనుక కొనునప్పుడు వాట్లు చూచి కొనుడు.

ఆషాఢము వచ్చినది. ఒక్క వానతో గాలి మారిపోవును. ఇక కూలరు 34 డిగ్రీల తడిగాలిని రెండు మూడు డిగ్రీలకంటె దించలేదు. తొట్టినీరు పెట్టినకొలది జిగట హెచ్చును. ఈ రెండు నెలలే ఏ.సి.కి న్యాయమైన కాలము. దీనిని 26 డిగ్రీలకు పెట్టి, పైన పంకా మెల్లగా త్రిప్పుడు. ఒక్కొక్క డిగ్రీ పెంచినచో సుమారు 6 శాతము విద్యుత్తు మిగులునని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018లో తెలిపినది. 2020 జనవరినుండి గది ఏ.సి.లు మొదట 24 డిగ్రీల వద్దనే ప్రారంభమగునట్లు చేయవలెనని నియమము పెట్టిరి. 18కి పెట్టిన గది త్వరగా చల్లబడుననుట భ్రమ. సాధారణపు యంత్రము అదే వేగమున చల్లబరచును, ఎక్కువసేపు ఆగకుండ తిరుగును, అంతే. దుమ్ము పట్టిన జాలిని పదునైదు దినముల కొకసారి కడిగిన చాలును, ఇందుకు మెకానిక్కు అక్కరలేదు.

ఇచ్చట బిల్లులోని రెండు మర్మములు చెప్పవలెను. యూనిట్టు వెల మెట్లుమెట్లుగా పెరుగునని అందరకు తెలియును. ఢిల్లీలో 2019 ఆగస్టున ప్రవేశపెట్టిన రాయితీ 200 యూనిట్ల వరకు పూర్తిగాను, 400 వరకు సగముగాను, ఒక పరిమితికి లోబడి, ఏర్పడినది. 2022 అక్టోబరునుండి దానిని కోరినవారికి మాత్రమే యిచ్చునట్లు మార్చిరి. ఇట్టి ఏర్పాటులో 395 యూనిట్ల వానికిని 405 యూనిట్ల వానికిని నడుమ భేదము పది యూనిట్ల వెల కాదు, ఆ నెల రాయితీ యంతయు. రేట్లు, రాయితీలు మారుచుండును గనుక మీ బిల్లు వెనుకవైపు ఉన్నది చదివి, మీ గీత యెక్కడనో గుర్తించుడు. నెలలో ఇరువదవనాడు మీటరు చూచినవానికి ఇంకను పది దినములు చేతిలో నుండును. బిల్లు వచ్చిన తరువాత చూచినవానికి చేతిలో కాగితము మాత్రముండును.

రెండవ మర్మము గరిష్ఠ డిమాండు. అరగంట కాలములో మన యింట ఒక్కసారిగా ఎంత లోడు పడినదో మీటరు గుర్తుంచుకొనును. ఢిల్లీలో 2017 నాటి నియమావళినిబట్టి, గత ఆర్థిక సంవత్సరమున వరుసగా నాలుగు నెలల గరిష్ఠ డిమాండుల సగటు చూచి, హెచ్చైన సగటుననుసరించి మంజూరైన లోడును సవరింతురు. ఆ లోడుమీద ఏడాది పొడుగున స్థిరచార్జి పడును. మనకు ఆ నాలుగు నెలలు వేసవి నెలలే. ఏ.సి. నడుచుచుండగా ఇస్త్రీపెట్టె, వాషింగు యంత్రము, మైక్రోవేవ్ ఒకేమారు పెట్టినవాడు ఆ చలువకు మరుసటి పుష్యమాసమున కూడ రుసుము చెల్లించును. ఇస్త్రీ ఉదయము చేసికొన్న నష్టమేమి?

ఆశ్వయుజ కార్తికములను గూర్చి చెప్పవలసినది తక్కువ. అవి మన బిల్లునకు పండుగ నెలలు. ఏమియు చల్లబరుపనక్కరలేదు, ఏమియు వేడి చేయనక్కరలేదు. అందుచేత ఇల్లు ఊరకయే ఎంత తినునో చూచుటకు ఇదియే తగిన సమయము. ఒక ఆదివారము అన్నిటిని కట్టివేసి మీటరు మీది యెఱ్ఱ దీపమును గమనింపుడు. యూనిట్టు కిన్ని మినుకులని దానిమీద వ్రాసియుండును. 3200 అని యున్నచో, వేయి వాట్ల లోడునకు నిమిషమునకు 53 మినుకులు వచ్చును. అన్నియు కట్టిన తరువాతను అది మినుకుచున్నచో ఎక్కడనో కన్నమున్నట్లే. మా యింట అట్లు దొరికిన దొంగ టెలివిజను ప్రక్కనున్న సెట్ టాప్ పెట్టె. పది వాట్లు తినునది, పగలు రాత్రి కలిసి నెలకు ఏడు యూనిట్లు. అమ్మ ఆర్పిన దీపములన్నిటికంటె అది యెక్కువ. ఫ్రిజ్జు తలుపు సందున ఒక కాగితము పెట్టి మూసి లాగి చూడుడు. సులువుగా ఊడివచ్చినచో రబ్బరు పోయినదని గ్రహింపవలెను. గోడకు ఆనించిన ఫ్రిజ్జును జానెడు ముందుకు జరుపుడు.

ఇక మార్గశిర పుష్యములు. నలుగురున్న యింట తలకొక బకెట్టు వేడినీరైన దినమునకు 2.3 యూనిట్లు, నెలకు 70. ఇది తప్పని ఖర్చు. తప్పించుకొనదగినది ఉదయము అయిదింట వేసి తొమ్మిదింట కట్టు గీజరు. రెండు కిలోవాట్ల గీజరునకు ఒక బకెట్టునకు ఇరువది నిమిషములు చాలును. ఒకరి తరువాత ఒకరు వెంటనే స్నానము చేసిన కాగిన నీరు చల్లారక ఖర్చు పడును. మీట 70 డిగ్రీల కడకు త్రిప్పి, ఆపై చన్నీళ్ళు కలుపుకొనుటలో లాభము లేదు. నీటిలో ముంచు రాడ్డు చౌకయని కొందరందురు. బకెట్టు కాగుటకు కావలసిన వేడిమి రెంటికి నొకటే. రాడ్డు చేయు అపాయము మాత్రము గీజరు చేయదు. స్విచ్చి కట్టి, ప్లగ్గు ఊడదీసిన తరువాతనే నీట చేయి పెట్టవలెను. ఇనుప బకెట్టు వాడనే రాదు.

గది వేడి చేయు హీటరులను గూర్చి అంగడివారు పలువిధముల చెప్పుదురు. తీగ కాలునదైనను, నూనె నింపినదైనను, గాలి యూదునదైనను, యూనిట్టుకు వచ్చు వేడి సమానమే. రెండు కిలోవాట్ల బ్లోయరు నాలుగు గంటలకు ఎనిమిది యూనిట్లు. వేడి కూడ ఇచ్చు ఏ.సి. మాత్రము బయటి గాలినుండి వేడిని లోనికి చేర్చును గనుక అదే యూనిట్టుకు ఇంచుమించు మూడింతల వేడి నీయగలదు. అట్టిది ఇంట నున్నవారు హీటరు కొననక్కరలేదు. తక్కినవారికి మధ్యాహ్నపు ఎండలో ఆరబెట్టిన రజాయియే మేలు.

కుంపటి సంగతి చెప్పక ముందునకు పోజాలను. కరెంటు మిగుల్చుటకై బొగ్గుల కుంపటిని పడకగదిలో పెట్టి తలుపులు మూసి నిద్రించి, తిరిగి లేవనివారి వార్త ఢిల్లీలో ప్రతి చలికాలమును పత్రికలలో చూచుచున్నాము. బొగ్గు కాలునప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. దగ్గు రాదు, మెలకువ రాదు. మన క్వార్టరుల వెనుక నుండు కాపలావారికి, పనివారికి కూడ ఈ మాట చెప్పుడు. వారికి కుంపటియే గతి. పాత దుప్పటి యొకటి ఇచ్చి ఆ మాట చెప్పిన వారు వినగలరు.

వంట యింటిని గూర్చి స్త్రీలకు నేను చెప్పబోవుట దుస్సాహసము, ఒక్క మాటతో తప్పుకొందును. నీరు మరుగుట మొదలైన పిదప మంట ఎంత పెంచినను నీటివేడి 100 డిగ్రీలు దాటదు, ఆవిరి మాత్రము హెచ్చును. మరిగినంతనే మంట తగ్గించి మూత పెట్టిన చాలును. పప్పు అరగంట నానబెట్టుట మీకు నేను నేర్పవలసినది కాదు.

పదవీ విరమణ చేసి స్వస్థలములలో ఇల్లు కట్టుకొను మిత్రులకు ఒక సూచన. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున మూడు కిలోవాట్ల సౌరఫలకములకు 78,000 రూపాయల సహాయము నిర్ణయించిరి. మన జిల్లాల ఎండలో అవి దినమునకు పండ్రెండు యూనిట్ల దాపున నీయగలవు. ఇల్లు కట్టునప్పుడే దక్షిణపు కప్పుమీద నీడ పడకుండ నీళ్ళ ట్యాంకును మరియొక మూలకు జరుపుకొనుడు.

అమ్మ యిప్పుడు మాతోనే యున్నది. ఆ తరువాతి వేసవినుండి ఉదయపు కాఫీ త్రాగి మెట్లు దిగిపోయి మీటరు చూచి వచ్చునది ఆమెయే. కాలెండరులో పాలలెక్క ప్రక్కన ఆ అంకె వ్రాసి, నిన్నటి దానిని తీసివేసి, మిగిలినది నాకు చదివి వినిపించును. మొన్న జూనులో ఒకనాడు, "నిన్న పదహారు అయింది నాయనా, పగలు నేను కూలరే వేసుకున్నాను. రాత్రి నీ గదిలో ఎంతకు పెట్టావేమిటి?" అని అడిగినది. ఇరువదిరెండుకు పెట్టితినని ఒప్పుకొనవలసి వచ్చినది.

లోపలి గదిలో కాఫీ సిద్ధమైనదని కార్యదర్శిగారు సైగ చేయుచున్నారు. బిల్లులు వెంట తెచ్చుకొన్నవారు అచ్చటికి తీసికొని రండు, కలిసి చూతము.